ధర్మగంట త్రాడు కోయవచ్చునా?

తిరువారూరు కథ మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. మనునీతి చోళుడు తన కోట వాకిట ఒక గంట కట్టించాడట. అన్యాయం జరిగినవారెవరైనా వచ్చి త్రాడు లాగవచ్చును. రాజే వచ్చి వినాలి. ఒకనాడు యువరాజు రథచక్రం క్రింద దూడ పడి చనిపోతే, తల్లి ఆవు వచ్చి ఆ త్రాడు లాగినదట. రాజు ఆవు మాట కూడా విన్నాడట. కన్నకొడుకునే శిక్షించడానికి సిద్ధపడ్డాడట. తిరువారూరు ఆలయం దగ్గర ఆ కథకు గుర్తుగా నేటికీ రాతి రథం ఉన్నది. చెన్నపట్నంలో హైకోర్టు ఆవరణలో కూడా ఆ చోళుని విగ్రహం నిలిపారు.

కథ అక్కడితో ఆగిపోతుంది. కాని మాకు చిన్ననాటి నుండి ఒక సందేహం మిగిలిపోయినది. ఆ ఊళ్ళోనే ఒక మనిషి పని లేక, ప్రక్కింటివాని మీద కక్షతో, రోజూ వచ్చి ఆ గంట మ్రోగిస్తే రాజు ఏమి చేసి ఉండేవాడు? మొదటిరోజు విన్నాడు, పదవరోజూ విన్నాడు. నూరవరోజున త్రాడు కోయించేవాడా? అలా కోయిస్తే నూటొకటవ రోజున ఆవు వస్తే దాని గతి ఏమిటి?

ఇది కథలోని చిక్కు మాత్రమే కాదు. నేటి న్యాయస్థానాల ముందున్న చిక్కు కూడా ఇదే. ప్లీడరు లేకుండా తన వ్యాజ్యం తానే నడుపుకొనే మనిషి మళ్ళీ మళ్ళీ కాగితాలు దాఖలు చేస్తూ ఉంటే, "ఇక నీవు అనుమతి లేనిదే ఇక్కడ కాగితం వేయరాదు" అని కోర్టు ఆజ్ఞాపించవచ్చునా? ఆజ్ఞాపించే ముందు ఏమేమి చేయాలి? ఈ మాసం మా చదువరులతో ఈ విషయమే ముచ్చటించాలని సంకల్పించాము.

మన రాజపాళయంలో ఈ ముచ్చట ఎందుకని కొందరు అడుగవచ్చును. మనవారు విజయనగరం నాళ్ళ తరువాత ఆంధ్రదేశం నుండి వచ్చి, సంజీవి కొండ నీడలో ఊరు కట్టుకొని, తోటలు వేసి, మిల్లులు నిలిపి, ఇన్ని తరాలు గడిపారు. ఆస్తి ఉన్నచోట హద్దు ఉంటుంది. హద్దు ఉన్నచోట తగవు ఉంటుంది. మామిడితోట గట్టు, ఉమ్మడి బావి నీటి వంతు, పెద్దల నాటి ఇంటి గోడ, అన్నదమ్ముల పంపకం: వీటిలో ఏదో ఒకటి కోర్టు గుమ్మం ఎక్కని వంశం మన వీథుల్లో ఎన్ని ఉన్నవో వ్రేళ్ళమీద లెక్క పెట్టవచ్చును. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న సామెత మనవారు ఊరికే పుట్టించలేదు.

మాట సులువుగా అర్థం కావడానికి ఒక తాతగారిని ఊహించుకుందాం. ఈయన ఎవరూ కాదు. మనమే కల్పించుకొన్న మనిషి. డెబ్భై ఏళ్ళు దాటినవి. ప్రక్కింటివారు గోడ కట్టుకొంటూ తన స్థలంలోకి జానెడు జరిగారని ఆయన నమ్మకం. మొదట ప్లీడరును పెట్టాడు. దావా ఓడిపోయాడు. ప్లీడరు సరిగా చెప్పలేదని అలిగి, తరువాతి కాగితాలు తానే వ్రాసుకొన్నాడు. అప్పీలు పోయింది. మరల గోడ నీడ మీద ఒక దావా, చూరు నీళ్ళ మీద ఒక దావా, తిట్టారని ఒక ఫిర్యాదు, సాక్షి అబద్ధమాడాడని మరొక ఫిర్యాదు. ఇంట్లో మనుమడు, "తాతయ్యా, ఇక చాలునేమో" అంటే, "నీకేమి తెలుసురా అబ్బాయీ? నా మాట ఇంతవరకు ఒక్కరైనా పూర్తిగా విన్నారా?" అంటాడు.

ఆ ప్రశ్నను మేము తేలికగా తీసివేయలేము. ఆయన తప్పు కావచ్చును. కాని విననే లేదన్న బాధ నిజం. అటు ప్రక్కింటివారి బాధ కూడా నిజమే. వారికి కూతురి పెళ్ళి ఉన్నది. కోర్టు వాయిదా అదే వారంలో పడినది. ప్లీడరు ఫీజు, స్టాంపు ఖర్చు, పని మాని తిరుగుడు. ఏ తప్పు చేయకుండానే ఏడేళ్ళు ముద్దాయిలై నిలబడ్డారు. న్యాయం ఈ ఇద్దరికీ జరగాలి. అదే ఈ విషయంలోని ముడి.

మొదట తాతగారి హక్కు ఏమిటో చూద్దాం. మన దేశంలో తన వ్యాజ్యాన్ని తానే నడుపుకోవడం ఎవరూ పెట్టిన భిక్ష కాదు. సివిలు ప్రొసీజరు కోడు మూడవ ఆర్డరు మొదటి రూలు ప్రకారం కక్షిదారు కోర్టులో తానే స్వయంగా హాజరు కావచ్చును. మరొకరి తరఫున మాట్లాడాలంటే మాత్రం న్యాయవాది పట్టా ఉండాలి. లేదా 1961 నాటి న్యాయవాదుల చట్టం 32వ సెక్షను క్రింద ఆ కేసుకు కోర్టు అనుమతి ఇవ్వాలి. తన గోడ సంగతి తాను చెప్పుకోవడానికి అటువంటి పట్టా అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, న్యాయం కొరకు కోర్టును చేరగలగడం రాజ్యాంగం 14, 21 అధికరణాల క్రింద ప్రాథమిక హక్కేనని తేల్చి చెప్పింది. కాబట్టి ఆ తలుపును ఎవరైనా కొంచెం మూయదలచినా, ఏ అధికారంతో, ఏ పద్ధతిలో అని అడగడం ధిక్కారం కాదు, అడగవలసిన మాటే.

ఇక ఆ అధికారం సంగతి. దీనికి మద్రాసు రాష్ట్రంలో ఒక ప్రత్యేక చట్టం ఉన్నది. వేధింపు వ్యాజ్యాల నివారణ చట్టం, 1949లో ఎనిమిదవ చట్టం. ఆ సంవత్సరం మనవారు మరచిపోయేది కాదు. ఆ ఏడే ఏప్రిల్ 6వ తేదీన మన ఊరి పూసపాటి కుమారస్వామి రాజాగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయినారు. అప్పుడు మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారు, ఆ పదవి నలంకరించిన మొదటి భారతీయుడు, తెలుగువాడు, తెలుగు నాటకాలు వ్రాసిన రసికుడు. ఈ చట్టాన్ని మొట్టమొదట అమలు జరపవలసిన బాధ్యత అలాంటి పెద్దల కాలంలో వచ్చినదన్నమాట. తమిళనాడులో ఆ చట్టం నేటికీ ఉన్నది.

ఈ చట్టానికి మాతృక ఇంగ్లండులో 1896లో పుట్టింది. అలెగ్జాండర్ ఛాఫర్స్ అనే ఒక మాజీ న్యాయవాది పుట్టించాడని చెప్పినా తప్పులేదు. ఆయన పార్లమెంటు స్పీకరు మీద, కాంటర్బరీ ఆర్చిబిషప్పు మీద, లార్డు ఛాన్సలరు మీద, ఇంకా ఇతరుల మీద మొత్తం 48 దావాలు వేశాడు. అందులో 47 పనికిమాలినవని కోర్టులు త్రోసివేశాయి. ఆయన ధాటికి చట్టసభ కదలి శాసనం చేసింది. 1897లో ఆ శాసనం క్రింద మొదటి ఉత్తర్వు కూడా ఆయన మీదనే వచ్చింది. ఒక మనిషి అల్లరి అంతటి రాజ్యానికి చట్టం నేర్పించింది. విశేషమేమంటే, అంత విసిగించిన మనిషి కోసం చేసిన చట్టంలో కూడా, వినకుండా శిక్షించమని వ్రాయలేదు.

మన మద్రాసు చట్టాన్ని విప్పి చూస్తే చిన్నది. నాలుగైదు సెక్షన్లకు మించదు. కాని ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క కాపలా ఉన్నది. చదువరులు ఓపికగా వినగోరుతాము.

మొదటి కాపలా: అర్జీ వేయవలసినవాడు ప్రక్కింటివాడు కాదు, రాష్ట్రపు అడ్వకేటు జనరలు. తాతగారితో తగవున్నవాడే ఆయన నోరు మూయించమని హైకోర్టుకు పోవడానికి ఈ చట్టం దారి ఇవ్వలేదు. ఎదుటివాని కోపానికీ ప్రభుత్వ న్యాయాధికారి నిదానానికీ తేడా ఉన్నది. ఆయన కాగితాలు తెప్పించుకొని చూసి, ఇది నిజంగా లోకానికి పీడ అయినదా అని తూచిన తరువాతనే కదలాలి.

రెండవ కాపలా: నిర్ణయించవలసినది హైకోర్టు. విసుగెత్తిన మునసబుగారు తన కోర్టు గుమ్మంలోనే ఈ ఉత్తర్వు వేయడానికి ఈ చట్టం అధికారం ఇవ్వలేదు. ఎవరి ముందు తగవు నడిచిందో వారికి దూరంగా, పైన ఉన్నవారు చూడాలి.

మూడవ కాపలా: నిరూపించవలసినవి రెండు. ఆ మనిషి వేధింపు వ్యాజ్యాలు వేయడం అలవాటు కావాలి. అవి సహేతుకమైన ఆధారం లేనివి కావాలి. ఈ రెంటిలో ఏది లోపించినా ఉత్తర్వుకు కాలు నిలవదు. ఓడిపోవడం వేరు, వేధించడం వేరు. ప్రతి దావాలోనూ ఇద్దరిలో ఒకరు ఓడిపోవలసిందే. పది దావాలు ఓడిపోయినవాడు దురదృష్టవంతుడు కావచ్చును, చట్టం తెలియనివాడు కావచ్చును. తీరిపోయిన తగవునే పేరు మార్చి మళ్ళీ తెచ్చినవాడు వేరు. ఈ తేడా తెలియాలంటే ఏ కేసు, ఏ తేదీ, ఎవరి మీద, ఏమి కోరాడు, ఎందుకు పోయింది అని ఒక్కొక్కటే పరచి చూడాలి. "ఈయన చాలా కేసులు వేశాడు" అన్న ఒక్క వాక్యంతో తేలేది కాదు.

నాలుగవ కాపలా, అన్నింటికీ ప్రాణమైనది: ఉత్తర్వు వేసే ముందు ఆ మనిషికి చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉన్నది. అంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. తన మీద మోపినది ఏమిటో ఆయనకు తెలియాలి. జవాబు వ్రాసుకోవడానికి గడువు కావాలి. ఆయన చెప్పినది చెవిన పడాలి. ఊరి రచ్చబండ మీద పెద్దలు కూర్చున్నా ఇదే ధర్మం కదా. నిందపడినవానిని పిలవకుండా తీర్మానం చేస్తే, ఆ తీర్మానం ఎంత మంచిదైనా ఊరు ఒప్పుకోదు.

అయిదవ కాపలాను గూర్చి వ్రాస్తుంటే మాకు ఆ శాసనకర్తల మీద గౌరవం కలిగింది. ఆ మనిషి బీదరికం వలన ప్లీడరును పెట్టుకోలేకపోతే, ఆయన తరఫున హాజరు కావడానికి హైకోర్టే ఒక ప్లీడరును నియమించవచ్చును. ఎవరి కాగితాలు కట్టడి చేయాలని విచారణ జరుగుతున్నదో, ఆయనకే కోర్టు వకీలును సమకూర్చడం! చూడడానికి విచిత్రంగా ఉన్నా ఇందులో గొప్ప వివేకం ఉన్నది. స్వయంగా వాదించుకొనేవాడు అలవాటుగా చెప్పేది తన పాత తగవు. ఇప్పుడు చెప్పవలసినది వేరు. దానిని విడమర్చి చెప్పగలిగే నోరు ఒకటి ఆయనకు కావాలి. ఆ చట్టంలో "నియమించవచ్చును" అన్నారే కాని "నియమించి తీరాలి" అనలేదు. అయితే 1976లో రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం, 1987 నాటి న్యాయసేవల చట్టం వచ్చిన తరువాత, బీదవానికి వకీలు లేకుండా అటువంటి విచారణ ముగించడం న్యాయమనిపించుకోదని మా అభిప్రాయం.

ఆరవ కాపలా: ఉత్తర్వు వచ్చినా తలుపు పూర్తిగా మూతపడదు. చెన్నపట్నంలో అయితే హైకోర్టు అనుమతి, ఇతర చోట్ల జిల్లా సెషన్సు జడ్జి అనుమతి తీసుకొని వ్యాజ్యం వేయవచ్చును. కేసులో పైకి చూడగానే బలమున్నదని తోస్తే అనుమతి ఇవ్వవచ్చును, లేకపోతే ఇవ్వరాదు. అనుమతి లేకుండా వేసిన దానిని కొట్టివేస్తారు. కాని అనుమతి కోరుతూ వేసే అర్జీకి ఆ అడ్డు లేదు. మన తాతగారి విషయంలో అయితే ఆ అనుమతి అడగవలసినది పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, విరుదునగరు జిల్లా కోర్టు ఉన్న శ్రీవిల్లిపుత్తూరులో. పైగా ఈ అడ్డు ఆయన వ్యాజ్యం వేయడానికే; రేపు ఎవరైనా ఆయన మీద దావా వేస్తే జవాబు చెప్పుకోవడానికి కాదు. చివరగా, ఆ ఉత్తర్వును గెజిట్టులో ప్రకటించాలి. చాటున జరిగే కట్టడి కాదు ఇది. లోకం చూసేటట్లు జరగాలి.

ఈ చట్టం రాజ్యాంగానికి నిలుస్తుందా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 1965లో తేల్చింది. ఆ కేసు మన తెలుగుగడ్డదే కావడం మరొక విశేషం. హైదరాబాదు వాసి ఒకరు అలవాటుగా వేధింపు వ్యాజ్యాలు వేస్తున్నారని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ మద్రాసు చట్టం క్రిందనే ఆయనను కట్టడి చేసింది. ఆయన ఢిల్లీ దాకా వెళ్ళాడు. అక్కడ రెండు ప్రశ్నలు లేచాయి.

ఒకటి: ఇటువంటి చట్టం పౌరుని హక్కులను హరిస్తుందా? హరించదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇతరులను పీడించే వ్యాజ్యాలను అదుపులో పెట్టడం ప్రజలకు మేలు. ఇటువంటి కక్షిదారులు ఒక ప్రత్యేక తరగతి. చట్టం తలుపు పూర్తిగా మూయడం లేదు, నిజమైన కేసుకు అనుమతి దొరుకుతుంది కాబట్టి చట్టం చెల్లుతుందని తేల్చింది.

రెండవ ప్రశ్న ఇంకా చిత్రమైనది: ఈ మద్రాసు చట్టం హైదరాబాదుకు ఎప్పుడు వచ్చింది? 1953లో ఆంధ్రరాష్ట్రం మద్రాసు నుండి విడిపోయినప్పుడు ఆంధ్ర జిల్లాలతో పాటు ఆ చట్టమూ వెళ్ళింది. 1956లో తెలంగాణా కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కాని రాష్ట్రం ఒకటి అయినంత మాత్రాన చట్టాలు వాటంతట అవే గోదావరి దాటి, కృష్ణ దాటి వ్యాపించవు. తెలంగాణాకు ఆ చట్టాన్ని విస్తరింపజేసే శాసనం ఏదీ లేదు. కాబట్టి హైదరాబాదు, సికిందరాబాదులలో ఆ ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు నిర్ణయించింది.

చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. వేధింపుకోరని హైకోర్టు ముద్ర వేసిన మనిషే, దేశపు అత్యున్నత న్యాయస్థానంలో నిలబడి, హైకోర్టు చేతిలో అధికారమే లేదని నిరూపించాడు. విసిగించేవాడు చెప్పేది ఎల్లప్పుడూ విసుగుమాటే కాదు. నూరు కేసులలో తొంభై తొమ్మిది తప్పయినా నూరవది ఒప్పు కావచ్చును. ఆయనను వినకుండా పంపివేసి ఉంటే లేని చట్టంతో ఒక పౌరుని కట్టివేశామన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ముందుగా వినాలన్న నియమం ఆ మనిషికి మాత్రమే కాదు, న్యాయస్థానానికే రక్ష.

విదేశాలలోనూ ఇదే అనుభవం. మన పిల్లలెందరో ఉన్న అమెరికాలో, ఫెడరలు కోర్టులకు ఇటువంటి కట్టడి వేసే అధికారం ఉన్నది. 1990లో అక్కడి తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు ప్లీడరు లేని ఒక కక్షిదారు మీద వేసిన ఉత్తర్వును రద్దు చేస్తూ నాలుగు షరతులు చెప్పింది. ముందుగా నోటీసు ఇచ్చి చెప్పుకోనివ్వాలి. వేసిన కేసుల జాబితా మొదలైన ఆధారాలు రికార్డులో ఉండాలి. అవి ఎందుకు వేధింపులో కారణాలు వ్రాయాలి. ఉత్తర్వు ఆ పీడ మేరకే ఉండాలి, దానిని మించరాదు. మన 1949 చట్టం మాటలతో పోల్చి చూస్తే, రెండు దేశాలూ వేరు వేరు దారులలో నడచి దాదాపు ఒకే మండపం చేరాయనిపిస్తుంది.

అయితే ఇటువంటి చట్టం లేనిచోట, లేదా చట్టం ఉన్నా దానిని తాకకుండా, కోర్టు తన సహజాధికారంతో ఎంతవరకు పోవచ్చును? 2017 మే 1వ తేదీన సుప్రీంకోర్టు సురాజ్ ఇండియా ట్రస్టు అనే సంస్థ 64 వ్యాజ్యాలు వేసి ఒక్కటీ గెలవలేదని చూసి, 25 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ప్రజాహితం పేరిట ఇకమీదట దేశంలోని ఏ కోర్టులోనూ వ్యాజ్యం వేయరాదని కూడా ఆదేశించింది. లోకహితం పేరిట వేసే వ్యాజ్యం వేరు. తన గోడ, తన పింఛను, తన కూలి కొరకు వేసే వ్యాజ్యం వేరు. మొదటిదానిని ఆపితే ఆ పని చేయడానికి ఇంకొకరు ఉంటారు. రెండవదానిని ఆపితే ఆ మనిషికి వేరే దిక్కు ఉండదు. కాబట్టి సొంత హక్కుల విషయంలో కట్టడి విధించేటప్పుడు ఇంకా మెల్లగా, ఇంకా జాగ్రత్తగా నడవాలని మా మనవి.

ఈ సంగతిని దేశమంతటికీ ఒక త్రాటి మీదికి తేవాలని భారత లా కమిషను 2005లో తన 192వ నివేదికలో సూచించింది. అప్పటి అధ్యక్షులు కూడా తెలుగువారే, జస్టిస్ మన్నెపల్లి జగన్నాధరావుగారు. మద్రాసు చట్టం, 1971 నాటి మహారాష్ట్ర చట్టం, ఇతర దేశాల చట్టాలు పరిశీలించి, హైకోర్టులకూ వాటి క్రింది కోర్టులకూ వర్తించే కేంద్రచట్టం ఒకటి కావాలని ఆయన కమిషను సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇంకా చట్టం కాలేదు. తమిళనాడులో ఒక పద్ధతి, చట్టమే లేని రాష్ట్రంలో జడ్జిగారి ఓర్మిని బట్టి ఒక పద్ధతి ఉండడం మంచిది కాదు.

కాని ఇంతటి పెద్ద కత్తి తీయకముందే కోర్టు చేతిలో చిన్న పనిముట్లు చాలా ఉన్నవి. తేలిపోయిన తగవును మళ్ళీ తెస్తే సివిలు ప్రొసీజరు కోడు 11వ సెక్షను అడ్డుపడుతుంది. దావా కాగితంలోనే పస లేకపోతే ఏడవ ఆర్డరు 11వ రూలు క్రింద ఆదిలోనే త్రోసిపుచ్చవచ్చును. 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక తీర్పులో, దావాను పైపైన కాక అర్థం చేసుకొంటూ చదివి, వేధింపేనని తేలితే మొదటి దశలోనే తుంచివేయాలని క్రింది కోర్టులను హెచ్చరించారు. అబద్ధపు దావాకు 35-ఎ సెక్షను క్రింద నష్టపరిహారపు ఖర్చులు వేయవచ్చును; అయితే ఆ పరిమితి మూడువేల రూపాయలే. ఈ రోజులలో ఆ మొత్తానికి ఎవరు జంకుతారు? ప్రక్కింటివారు ముందే భయపడితే 148-ఎ సెక్షను క్రింద కేవియటు వేసుకొని, తమకు తెలియకుండా ఇంజంక్షను రాకుండా చూసుకోవచ్చును. ఈ చిన్న పనిముట్లను సకాలంలో వాడితే పెద్ద కత్తి అవసరం చాలాసార్లు రాదు. వాడకుండా ఏడేళ్ళు సాగనిచ్చి, ఎనిమిదవ ఏట ఒక్కసారిగా విసుక్కొని తలుపు మూస్తే, అందులో తప్పు తాతగారిది ఒక్కరిదే కాదు.

ఇక మన ఇళ్ళలో మనం చేయదగినవి నాలుగు మాటలు.

ఇంట్లో పెద్దవారు ఎవరైనా కోర్టు కాగితాలలో మునిగి ఉంటే, "పిచ్చి పట్టింది" అని ప్రక్కకు నెట్టకండి. ఒక ఆదివారం కూర్చొని ఆ కట్ట విప్పించి, మొదటినుండి చివరిదాకా వినండి. చాలామందికి కావలసినది తీర్పు కన్నా వినేవాడు. విన్న తరువాత ఏ కేసు ఏ తేదీన ఏమయినదో ఒక నోటుపుస్తకంలో వరుసగా వ్రాయించండి. వ్రాస్తున్నప్పుడే, ఏది మిగిలిన తగవో ఏది తీరిన తగవో వారికే తెలిసివస్తుంది. ఒకవేళ హైకోర్టు నుండి నోటీసు వస్తే ఆ పుస్తకమే వారికి గొప్ప ఆధారం. నోటీసును మాత్రం ఎన్నడూ పెట్టెలో దాచకండి. వచ్చిన వెంటనే జవాబుకు పూనుకోవాలి. చెప్పుకొనే అవకాశం ఇచ్చినప్పుడు వాడుకోకపోతే, తరువాత విననే లేదనడానికి నోరు ఉండదు.

ప్లీడరుకు డబ్బు లేదని స్వయంగా వాదించుకోబోయేవారు ముందుగా న్యాయసేవల సంస్థను కలవాలి. 1987 నాటి చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. దాని క్రింద స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, అంగవికలురకు, కార్మికులకు, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులో అడిగితే చెబుతారు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. మన మిల్లులలో పనిచేసే ఆడపిల్లలు, గాజుగుడ్డ తయారీలో పనిచేసేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

రాజీకి అవకాశమున్న తగవును లోక్ అదాలతుకు తీసుకొనిపోవడం మంచిది. అక్కడ ఒప్పుదల కుదిరితే అది డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. పోరు నష్టం, పొందు లాభం అన్న పెద్దల మాటకు ఇంతకన్నా లెక్క కట్టిన రుజువు లేదు.

అవతలి ప్రక్క ఉండి వేధింపుకు గురయ్యేవారికి కూడా ఒక మాట. మీ బాధ నిజమే. కాని "వాడిని కోర్టు మెట్లు ఎక్కనీయకుండా చేయండి" అని అడిగే ముందు, రేపు మీకే కోర్టు అవసరమైనప్పుడు అదే మాట మీ మీద ఎవరైనా అంటే ఎట్లుంటుందో తలచుకోండి. మీరు అడగవలసినది త్వరగా విచారణ, తగిన ఖర్చులు, అవసరమైతే అడ్వకేటు జనరలు ద్వారా ఆ చట్టం చెప్పిన దారి. అడ్డదారి కాదు.

మరల తిరువారూరు గంట దగ్గరకు వద్దాం. రోజూ వచ్చి గంట మ్రోగించేవానిని ఏమి చేయాలన్న మా చిన్ననాటి సందేహానికి, 1949 నాటి ఆ చిన్న చట్టంలో మాకు జవాబు దొరికింది. త్రాడు కోయరాదు. ముందు ఆ మనిషిని పిలిచి, "నీ మీద ఈ మాట వచ్చింది, నీవేమంటావు?" అని అడగాలి. చెప్పుకోలేనివాడైతే చెప్పడానికి ఒక మనిషిని ఇవ్వాలి. విన్న తరువాత కూడా పీడేనని తేలితే, త్రాడు దగ్గర ఒక కావలివాడిని నిలబెట్టాలి. "ఇవాళ ఏ పని మీద వచ్చావయ్యా?" అని ఆ కావలివాడు అడగాలి. నిజమైన పని అయితే తానే ప్రక్కకు తొలగాలి.

మన రాజపాళయం తాతగారు మళ్ళీ ఒకనాడు కాగితాల సంచి చంకన పెట్టుకొని శ్రీవిల్లిపుత్తూరు బస్సు ఎక్కుతారు. ఈసారి తెచ్చినది పాత గోడ సంగతే కావచ్చును. లేదా నిజంగానే ఎవరో ఆయన పింఛను ఆపి ఉండవచ్చును. బస్సులో ప్రక్క సీటులో కూర్చున్న మనకు అది తెలియదు. జడ్జిగారికి కూడా, కాగితం విప్పి చూసేవరకు, తెలియదు. అందుకే విప్పి చూడాలి.